లండనులో మార్లవాయి

ఒక మహానగరాన్ని మొదటిసారి చూచేటప్పుడు మనం ఆ నగరాన్ని చూడము. దానిని గూర్చి చిన్ననాటినుండి విన్న మాటలను చూస్తాము. విన్నది కంటబడగానే తృప్తిపడి తిరిగివస్తాము. రెండవసారి పోయినప్పుడు గాని ఊరు తన ముఖం చూపదు. కాశీ పోయివచ్చిన మా ఊరి పెద్ద ఒకాయన ఈ మాట చెప్పేవాడు. లండను విషయంలో అది నాకు స్వయంగా అనుభవమైనది.

మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో యాత్ర అనే మాటకు చాలా నిండైన అర్థం ఉన్నది. వేములవాడకు, ధర్మపురికి, కాళేశ్వరానికి, బాసరకు, కేస్లాపురం నాగోబా జాతరకు పోవటం యాత్ర. ఒక్కమారు చూచి 'అయిపోయినది' అనుకొనేది యాత్ర కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంనుండి కాశీకి బయలుదేరి, హైదరాబాదు దాటిన పిమ్మట మన నిర్మల, ఆదిలాబాదుల మీదుగానే నాగపురం పోయినాడు. 1831 సెప్టెంబరులో ఇల్లు చేరేదాకా దారిలోని ప్రతి మజిలీని, నీళ్ళ వసతితో సహా వ్రాసుకొన్నాడు. అటుపిమ్మట నాలుగు దశాబ్దాలకు పోతం జానకమ్మ ఇంగ్లండు పోయివచ్చి, తాను చూచినదానిని వ్రాసి, 1876లో మద్రాసులో ఆంగ్ల పుస్తకంగా ప్రకటించినది. వారి ప్రయాణాల ముందు విమానంలో కూర్చుండి పోయివచ్చిన నా ప్రయాణం చెప్పదగినది కాదు. అయినా చెప్పటానికి ఒక కారణం ఉన్నది. ఆ కారణం పేరు మార్లవాయి.

నేను మొదట లండను చూచినది 2006 వేసవి సెలవులలో. ఒక యాత్రికుల బృందంతో కలిసి పోయినాను. ఐదు దినాలలో అన్నీ చూపినారు. బస్సు ఆగినచోట దిగటం, ఛాయాచిత్రం తీయించుకొనటం, మరల ఎక్కటం, ఇదే పని. పార్లమెంటు గడియారం, రాణివాసం, సెయింటు పాలు దేవాలయం, థేమ్సు నది మీద వంతెనలు, అన్నీ నా చేతి పుస్తకంలో గీట్లు పెట్టుకొన్నాను. మన గోదావరి నిడివి 1465 కిలోమీటర్లు. థేమ్సు నిడివి 346 కిలోమీటర్లు. ఇంతటి చిన్న నదికి ఇంతటి కీర్తి యేమిటి అని బృందంలోని వారితో అన్నాను. ఆ మాటకు అందరూ నవ్వినారు. నాకు ఎంతో గొప్పగా తోచినది.

కోటలో కోహినూరు వజ్రాన్ని చూపినారు. అక్కడ కిరీటాల ముందు నేలయే కదులుతుంటుంది. నిలబడినవాణ్ణి నిలబడినట్లే మోసుకొనిపోతుంది. కన్ను నిలిపేలోపల వజ్రం వెనుకబడిపోయినది. కృష్ణ ఒడ్డున పల్నాటి కొల్లూరు గనిలో దొరికినదని పరంపరగా చెప్పుకొనే ఆ వజ్రం, 1849లో లాహోరు ఒడంబడికతో పదేళ్ళ పసివాడైన దిలీపు సింగు చేతినుండి ఆంగ్లేయులకు పోయినది. 1852లో దానిని మరల సానబట్టగా 186 కారట్లది 105 కారట్ల పైచిలుకు అయినది. తిరిగి వచ్చిన తరువాత తరగతిలో ఒక గంటసేపు 'మన వజ్రం, మన వజ్రం' అని ఆవేశంగా మాట్లాడినాను. వెనుక బెంచీలోనుండి ఒక బాలిక లేచి, "కొల్లూరు ఎట్లుంటది సార్? మీరు చూసిన్రా?" అన్నది.

నేను చూడలేదు. ఏడు సముద్రాలు దాటి వజ్రాన్ని చూచివచ్చినవాణ్ణి, ఒక రాత్రి రైలు ప్రయాణంలో ఉన్న గని భూమిని చూడలేదు. రేపు పోదాము, ఎల్లుండి పోదాము అనుకొంటూ ఉండగానే పులిచింతల జలాశయం కట్టినారు. ఆ పాత గనుల నేల నీటిలోకి పోయినది. ఆ బాలిక ప్రశ్నకు నేను ఈనాటికీ జవాబు చెప్పలేను. 'మనది' అనే మాట ఎంత సులభంగా నోట వస్తుందో, దానిని నిలబెట్టుకొనటం ఎంత కష్టమో నాకు ఆనాడు మొదటిసారి తెలిసినది.

రెండవసారి 2024 వేసవిలో పోయినాను. మా తమ్ముని కుమారుడు అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. ఇరవై దినాలు తన యింట ఉండుమన్నాడు. బయలుదేరే ముందు నా విద్యార్థి ఒకడు, జైనూరు ప్రాంతపు గోండు బాలుడు, కళాశాల వరండాలో నన్ను ఆపినాడు. మితభాషి. కొంతసేపు గోడవైపు చూచి, "సార్, మా ముత్తాతను ఒక దొర ఫోటో తీసిండట. అది లండన్‌ల ఉన్నదట. మా నాయన చెప్తుంటడు. కనబడితే చూసి రండ్రి సార్" అన్నాడు. ఆ దొర ఎవరో నాకు తెలుసును. ఆ ఫోటో ఎక్కడ ఉండగలదో కూడా తెలుసును. మొదటి ప్రయాణంలో ఆ వీధిలోనుండే నడిచిపోయినానన్న సంగతి మాత్రం వానికి చెప్పలేకపోయినాను.

ఈమారు చేతి పుస్తకంలో మూడే చోట్లు వ్రాసుకొన్నాను.

మొదటిది బ్రిటిషు మ్యూజియం. 2006లో దానికి గంటన్నర మాత్రమే ఇచ్చినారు. ఈజిప్టు శవపేటికల దగ్గరనే కాలం అయిపోయినది. ఈమారు తిన్నగా అమరావతి శిల్పాలున్న గాజు గదికి పోయినాను. పల్నాటి సున్నపురాయి చలికీ, తేమకూ, పొగకూ తాళలేదు గనుక 1992నుండి వాటిని గాలి తేమలను అదుపులో ఉంచే ప్రత్యేకమైన గదిలో ఉంచినారు. తెల్లని రాయి కొంత పసుపు, కొంత ఆకుపచ్చ కలిసినట్లు వెలుగుతున్నది.

వీటి కథ చదివినవారికి కోపం ఒక్కవైపే నిలువదు. పద్ధెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి మనుష్యులు కట్టడాలకు రాళ్ళ కోసం ఆ దిబ్బను త్రవ్వినారు. ఆ సంగతి విని కర్నలు మెకంజీ వచ్చి చూచినాడు. 1816లో మరల వచ్చి చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించినాడు. ఈ రెండు రాకల నడుమ ఎన్నో ఫలకాలు మాయమైనవి. ఎన్నో కాలి సున్నమైనవి. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి తీసినవి మద్రాసులో ఏండ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, 1859లో ఓడమీద లండను చేరినవి. అక్కడనైనా పీఠమెక్కినవా? లేదు. ఒక భవనం బండ్ల సాలలో పడి ఉండగా 1867లో ఫెర్గుసను అనే శిల్పచరిత్రకారుడు వాటిని కనిపెట్టినాడు. 1880లో గాని అవి ఈ మ్యూజియం చేరలేదు. నిర్లక్ష్యం ఏ ఒక్క జాతి సొత్తూ కాదని ఆ రాళ్ళు చెప్పుతున్నవి.

అందులో ఒక ఫలకం ముందు నేను చాలసేపు నిలిచినాను. దానికి రెండు ముఖాలు. క్రీస్తుకు పూర్వం ఒకటవ శతాబ్ది ప్రాంతంలో ఒక శిల్పి ఒకవైపున బోధివృక్షాన్నీ, దాని క్రింద శూన్యాసనాన్నీ, చేతులు జోడించిన భక్తులనూ చెక్కినాడు. మూడు నాలుగు వందల యేండ్ల తరువాత మరొక శిల్పి అదే రాయిని వెనుకకు త్రిప్పి, రెండవవైపున అమరావతీ స్తూపాన్నే, ప్రాకారంతోనూ పూలహారాలతోనూ సంపూర్ణంగా చెక్కినాడు. ఈనాడు ఆ మహాస్తూపం ఎట్లుండెనో మనకు తెలిసినదంటే, ఇటువంటి ఫలకాల వల్లనే. మొదటి శిల్పి పనిని రెండవవాడు చెరపలేదు. రాయిని మాత్రం త్రిప్పినాడు. రెండవమారు చూడటమంటే ఇదే కాబోలు ననుకొన్నాను.

అంతలో మనస్సు ధూళికట్టకు పోయినది. పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలంలో ఉన్న ఆ ఊళ్ళో 1970వ దశకంలో జరిగిన త్రవ్వకాలలో సాతవాహనుల కాలపు బౌద్ధస్తూపం బయటపడినది. పడగలు విప్పిన ముచిలింద నాగుని చెక్కిన సున్నపురాయి ఫలకాలు దొరికినవి. అమరావతి శిల్పానికి అవి దగ్గరి చుట్టాలు. మా కరీంనగరునుండి అది గంట ప్రయాణం. నా ముప్పది యేండ్ల ఉపాధ్యాయ జీవితంలో ఒక్క తరగతినైనా అక్కడికి తీసుకొనిపోయినానా? ఒక్కమారు, అదీ ఒక పెండ్లికి పోతూ, దారిలో దిగి చూచినాను. గాజు గదిలో నిలబడి సిగ్గుపడినాను.

రెండవ చోటు కెన్సలు గ్రీను శ్మశానవాటిక. 1833లో ఏర్పడిన ఆ వాటిక డెబ్బది ఎకరాల పైచిలుకు. రవీంద్రుని తాత ద్వారకానాథ ఠాకూరు సమాధి అక్కడనే ఉన్నది. నేను పోయినది ఛార్లెసు ఫిలిపు బ్రౌనును తలచుకొనటానికి. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, తెలుగు నేర్చి, వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చువేయించి, 1852లో తెలుగు నిఘంటువును వెలువరించిన ఆ మనిషి, 1855లో ఇండియా విడిచి, తన చివరి కాలం లండనులో గడిపినాడు. 1865నుండి అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూసినాడు.

బ్రౌనును గూర్చి మన పాఠశాలలలో నిఘంటువు మాట చెప్పి ఊరకుంటాము. నాకు అంతకంటె పెద్దదిగా తోచే పని ఒకటి ఉన్నది. 1835 మొదలు 1838 వరకు ఆయన సెలవుమీద లండనులో ఉన్నాడు. అప్పుడు ఈస్టిండియా కంపెనీవారి గ్రంథాలయంలో దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా, చదివే దిక్కులేక పడి ఉండటం చూచినాడు. ఇవి ఇక్కడ ఉండి ప్రయోజనం లేదు, వీటిని చదువగల పండితులు మద్రాసులో ఉన్నారు అని కంపెనీవారిని ఒప్పించి, వాటిని ఓడలో మద్రాసుకు పంపించినాడు. వస్తువు ఎవరి సొత్తు అన్న ప్రశ్నను ఆయన వేయలేదు. దానిని చదువగలవాడు ఎక్కడ ఉన్నాడు అని అడిగినాడు. ఆ శ్మశానంలో, తడిసిన గడ్డిలో నడుస్తూ, నాకు ఆ ప్రశ్న మనస్సును విడువలేదు.

మూడవ చోటు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యల సంస్థ. బ్రిటిషు మ్యూజియంనుండి నడిచిపోయే దూరం. నా విద్యార్థి చెప్పిన దొర అక్కడ ఆచార్యుడు. ఆయన క్రిస్టోఫు ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫు. 1909లో వియన్నాలో పుట్టినాడు. ఆస్ట్రియా 1938లో జర్మనీలో కలిసిపోయినందున, 1939లో యుద్ధం వచ్చేసరికి ఆయన బ్రిటిషువారికి శత్రుదేశీయుడైనాడు. నైజాము రాజ్యం దాటి పోకుండ కట్టడిచేసినారు. ఆ నిర్బంధమే ఆయనకు వరమైనది. మొదట చెంచులను, తరువాత గోదావరి తీరపు కొండరెడ్లను, ఆ పిమ్మట మన ఆదిలాబాదు రాజగోండులను గూర్చి గ్రంథాలు వ్రాసినాడు.

1940లో జోడేఘాటు అడవిలో కొమురం భీము నేలకొరిగిన తరువాత, గోండుల మనస్సులో ఏమున్నదో తెలుసుకొనవలసిన అవసరం ప్రభుత్వానికి కలిగినది. హైమెండార్ఫు, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తు మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు. 1943లో ఆ ఊళ్ళో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వెలసినది. గోండీ భాషకు నాగరి లిపిలో వాచకాలు వచ్చినవి. గిరిజనుల భూములకు పట్టాలు ఇప్పించే పని సాగినది. ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకొనవలె: తుపాకి చప్పుడు ఆగిన మూడేండ్లకు ఆ అడవిలో లేచినది ఒక బడి.

ఆ సంస్థవారి భాండాగారంలో హైమెండార్ఫు దినచర్య పుస్తకాలు, చలనచిత్రాలు, వేలకొద్ది ఛాయాచిత్రాలు ఉన్నవి. నేను మూడు దినాలు కూర్చున్నాను. నెమలిపింఛాల కిరీటాలు ధరించిన గుసాడీలు, జొన్నచేలు, నాగలి పట్టిన రైతులు, బరువైన వెండి సొమ్ములతో నిలిచిన స్త్రీలు, ఎంతమందో నన్ను చూచినారు. కొన్ని చిత్రాలకు మనిషి పేరు ఉన్నది. కొన్నిటికి ఊరి పేరే ఉన్నది. నా విద్యార్థి ముత్తాత పేరు కాగితంమీద వ్రాసి తెచ్చుకొన్నాను; కాని ముఖం ఎవరు చెప్పాలి? ఆ గదిలో చదువుకొన్నవారు ఎందరో ఉన్నారు. ఆ ముఖాలను గుర్తుపట్టగలవారు ఒక్కరూ లేరు. నేనూ అందులో ఒకణ్ణి.

మూడవ దినం సాయంత్రం అక్కడి ఉద్యోగిని నా ఆరాటం చూచి, మర్యాదగా, "వీటిలో చాలావాటిని కంప్యూటరులో అందరికీ అందుబాటులో ఉంచినాము. మీరు మీ ఊరినుండే చూడవచ్చును గదా" అన్నది. నాకు తల తిరిగినట్లయినది. నేను ఏడువేల కిలోమీటర్లు వచ్చి వెదకుతున్నది జైనూరులో ఒక విద్యార్థి చేతిలోని ఫోనులో కనబడుతుంది. చిత్రం ఇక్కడ ఉన్నా నష్టం లేదు. పేరు చెప్పగల నోరు అక్కడ ఉన్నది. అది ఎంతకాలం ఉంటుంది?

హైమెండార్ఫు కూడ రెండవసారి చూచినవాడే. 1976లో ఉద్యోగం విరమించిన తరువాత ఆయన మరల ఆదిలాబాదు అడవులకు వచ్చినాడు. తాను నలుబదులలో పట్టాలు ఇప్పించిన నేలలు ఎన్నో చేతులు మారినవి. దారులు పడినవి, బస్సులు వచ్చినవి, బయటివారు వచ్చినారు. భూయజమానిగా తాను చూచినవాడు కూలివాడైనాడు. గిరిజనుల భూములు గిరిజనేతరులకు పోరాదని 1970లో గట్టి చట్టం వచ్చినా, కాగితం అడవిలోకి పోయేసరికి బలం తగ్గినది. 1981 ఏప్రిలు 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండులమీద కాల్పులు జరిగినవి. 1982లో హైమెండార్ఫు ప్రకటించిన గ్రంథానికి, మనుగడ కోసం భారత గిరిజనుల పోరాటం అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. మొదటి రాకలో ఆయన గోండుల వైభవం చూచినాడు. రెండవ రాకలో వారి నష్టం చూచినాడు. చూచి ఊరకుండక వ్రాసినాడు.

బెట్టీ ఎలిజబెత్తు 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించినది. ఆమె సమాధి మార్లవాయిలో ఉన్నది. హైమెండార్ఫు 1995లో లండనులో కన్నుమూసినాడు. 2012లో ఆయన కుమారుడు తండ్రి చితాభస్మాన్ని తెచ్చి తల్లి ప్రక్కన ఉంచినాడు. లండనులో ఆయన సమాధిని వెదకవలసిన పని లేదు. మనిషి మన జిల్లాకే తిరిగివచ్చినాడు. నేనే ఇంతకాలం అక్కడికి పోలేదు.

2025 జనవరి 11న, ఆ దంపతుల వర్ధంతినాడు, నా విద్యార్థితో కలిసి మార్లవాయి పోయినాను. నలుబది చిత్రాల నకళ్ళు తీయించి ఒక సంచిలో పెట్టుకొన్నాను. గుసాడీ గురువు కనకరాజుగారి ఊరు అది. 2021లో పద్మశ్రీ పొందిన ఆయన 2024 అక్టోబరులో కన్నుమూసినారు. నేను వేసవిలో లండనునుండి రాగానే పోయి ఉంటే, ఆ చిత్రాలను ఆయన ముందు పరచగలిగేవాణ్ణి. కళాశాల పరీక్షలని వాయిదా వేసినాను. కొల్లూరు పాఠం నేను నేర్చుకోలేదన్నమాట.

ఒక అరుగుమీద చిత్రాలు పరిచినాము. ఎనుబది దాటిన ఒక అవ్వను చేయిపట్టి తెచ్చి కూర్చుండబెట్టినారు. ఒక్కొక్క బొమ్మను కంటికి దగ్గరగా పెట్టుకొని, తల అడ్డంగా ఊపి ప్రక్కన పెట్టింది. పదునెనిమిదవదో, పందొమ్మిదవదో చేతికి వచ్చినప్పుడు ఆగినది. బావి దగ్గర కుండతో నిలిచిన ఒక చిన్నపిల్ల బొమ్మ అది. అవ్వ వ్రేలు దానిమీదనే నిలిపి, గోండీలో ఏదో అన్నది. నా విద్యార్థి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "వాళ్ళ అక్కనట సార్. పెండ్లయిన యేడే పోయిందట. ఆమె బొమ్మ ఎక్కడా లేదనుకున్నదట" అన్నాడు. అవ్వ ఆ కాగితాన్ని తిరిగి ఇవ్వలేదు. మేమూ అడుగలేదు. ఇంకొక నకలు వెనుక విద్యార్థి పెన్సిలుతో ఆమె పేరు, ఇంటిపేరు వ్రాసుకొన్నాడు.

వాని ముత్తాత మాత్రం కనబడలేదు. నలుబదింటిలో ఆరుగురికి పేర్లు వచ్చినవి. తిరుగు బస్సులో, "మిగిలినవి నేను తిప్పుత సార్. ఊట్నూరు, సిర్పూరు, కెరమెరి అన్ని ఊర్లు పోత. ముసలోళ్ళు ఉన్నప్పుడే పోవాలె" అన్నాడు. నేను పాఠం చెప్పవలసిన మాట వాడే నాకు చెప్పినాడు.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నా మనవి ఒక్కటే. లండను చూడవద్దని నేను అనను. చూడగలిగినవారు తప్పక చూడవలె. మన రాళ్ళు, మన ముఖాలు, మన భాషకు సేవచేసినవాని సమాధి, అన్నీ అక్కడ ఉన్నవి. వాటిని తిరిగి అడగటమూ న్యాయమే. కాని అడిగేవానికి వాటి పేర్లు తెలిసి ఉండవలె. ఆ పేర్లు ఏ రాజధానిలోనూ భద్రపరచబడలేదు. మీ ఊరి అరుగుమీద, మందమైన చూపుతో, ఎవరైనా వచ్చి అడుగుతారని కూర్చున్న ముసలివారి దగ్గర ఉన్నవి. వచ్చే ఆదివారం పలకయో, పుస్తకమో, పెన్సిలో తీసుకొని వారి దగ్గరకు పోయి కూర్చుండండి.